బాగుచేయబడిన గుండె – పరుగులో వచ్చు నొప్పి

(విజయవాడలో తల్లిదండ్రులు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవత్సర సభలలో గడచిపోయిన తరముల వారిని గూర్చి ఎందరో పెద్దలు మాటలాడియున్నారు. మాకు ఇయ్యబడిన అంశము ఎదుగుచున్న తరమును గూర్చినది. పుట్టుకతోనే గుండెలో లోపముండి, ఆపరేషన్ ద్వారా అది సరిచేయబడిన బిడ్డ, ఆడుకొనునప్పుడు గాని పరుగెత్తునప్పుడు గాని “ఛాతీలో నొప్పి” అని చెప్పినయెడల మనము ఏమి చేయవలెను? ఇదియే నేటి అంశము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పగా విన్నదియు, చదివి తెలిసికొన్నదియు, కుటుంబముల మధ్య తిరుగుచు కన్నులార చూచినదియు మీ ముందుంచుచున్నాము. మందుల పేర్లు ఒక్కటియు చెప్పము. ఆ పని వైద్యులది.

పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో సుమారు 8 నుండి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపముండునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కొందరికి గుండె గదుల మధ్య గోడలో రంధ్రముండును. కొందరికి రక్తనాళము ఇరుకుగా నుండును. కొందరికి నాళములు తారుమారుగా నుండును. మన తాతల కాలములో అట్టి బిడ్డ నీలిరంగుకు తిరిగి, ఆయాసపడుచు కన్నుమూయగా, “పాలు తాగలేక పోయింది” అనియో “దిష్టి తగిలింది” అనియో చెప్పుకొని ఏడ్చి ఊరకుండెడివారు. అంతకుమించి చేయుటకు లోకములోనే ఉపాయము లేకుండెను. 1938లో అమెరికాలో రాబర్ట్ గ్రాస్ అను వైద్యుడు పుట్టిన పిమ్మట మూసికొనవలసిన ఒక నాళము మూసికొనకపోగా దానిని కట్టివేసెను. 1944లో అదే దేశమందలి బాల్టిమోర్ నగరములో నీలిరంగు బిడ్డలకు మొదటి ఆపరేషన్ జరిగెను. 1953లో గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రమునకు అప్పగించి గుండెను తెరచుట సాధ్యమాయెను. మన దేశములో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1960ల తొలి సంవత్సరములలోనే ఈ పనికి పూనుకొన్నది. అయితే వెల్లూరు పోవుటకు రైలు ఛార్జీ లేని మన కృష్ణా లంక గ్రామముల కూలివానికి ఆ వార్త వార్తగానే నిలిచిపోయెను.

ఆ స్థితి మన కన్నుల ఎదుటనే మారినది. మన రాష్ట్రములో 2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధి నుండి చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు ధనము ఇయ్యసాగిరి. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చెను. నేడు ఆంధ్రప్రదేశ్‌లో అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అను పేరుతో సాగుచున్నది. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. విజయవాడలోని ఆంధ్రా హాస్పిటల్స్‌లో, ఇంగ్లండు నుండి వచ్చిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ వైద్యులు ఇక్కడి వైద్యులతో చేయి కలిపి పలుమారులు చిన్నపిల్లలకు ఉచితముగా ఆపరేషన్లు చేసియున్నారు. 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము తెరువబడెను.

దీని ఫలమేమి? బ్రదుకదనుకొన్న బిడ్డ బ్రదికినది. బడికి పోవుచున్నది, కబడ్డీ ఆడుచున్నది. 2007లో అయిదేండ్ల ప్రాయమున ఆపరేషన్ జరిగిన పిల్లలు ఇప్పుడు ఇరువది దాటినవారు. ఒక తరము మొత్తము, రొమ్ము నడుమ నిలువుగా ఒక గీతతో, మన మధ్య ఎదిగినది. ఈ బిడ్డలను ఎట్లు పెంచవలెనో మన పెద్దలు మనకు నేర్పలేదు. ఏలయనగా వారి కాలములో ఇట్టి బిడ్డలు లేరు. గనుక మనమే నేర్చుకొనవలెను.

మనము డెల్టా ప్రజలము. కాలువ గట్టు సంగతి మనకు ఎవరును చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు ఆరంభములో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగినవి. గండ్లు పూడ్చిరి. పూడ్చిన గట్టు వేసవిలో ఎంత చక్కగా కనబడునో మీరెరుగుదురు. దానిమీద గడ్డి మొలచును, పశువులు నడచును. అయినను వరద వచ్చు దినములలో ఆ చోటికే మనిషిని పంపి చూచి రమ్మందుము. గట్టు మీద నమ్మకము లేక కాదు, ఒకమారు గండిపడిన చోటు గనుక. బాగుచేయబడిన గుండెయు అట్టిదే. కూర్చున్నప్పుడు, పడుకొన్నప్పుడు అది వేసవి కాలువ. పరుగెత్తునప్పుడు దానికి వరద.

ఆ వరద ఎట్టిదో కొంచెము తెలిసికొందము. బడి పిల్లవాని గుండె ఊరకున్నప్పుడు నిమిషమునకు సుమారు 80 మారులు కొట్టుకొనును. గట్టిగా పరుగెత్తినప్పుడు 180 దాటి 200 వరకు పోవచ్చును. ఒళ్ళంతటికి రక్తమును పంపు ఈ గుండెకు కూడ తన కండకొరకు రక్తము కావలెను. దానిని తెచ్చు సన్నని నాళములను కరొనరీ నాళములందురు. ఇక్కడ ఒక విచిత్రమున్నది. తక్కిన అవయవములకు గుండె ముడుచుకొన్నప్పుడు రక్తము పోవును. గుండెకండకు మాత్రము అది ముఖ్యముగా గుండె సడలిన క్షణములో చేరును. వేగము పెరిగిన కొలది ఆ సడలింపు కాలము తరిగిపోవును. అనగా ఆకలి ఎక్కువైనప్పుడే అన్నము తినుటకు సమయము తగ్గుచున్నది. నాళములు బాగున్నయెడల అవి విచ్చుకొని ఈ కొరతను తీర్చును. నాళము ఎక్కడనైనను నొక్కుకొనినను, ఇరుకైనను, లేక గుండె ఎదుట కవాటము బిగిసియున్నను, కండకు రక్తము చాలదు. అప్పుడు నొప్పి వచ్చును. నిలిచినప్పుడు తగ్గిపోవును. “కూర్చుంటే పోయింది కదా, ఏమీ లేదు” అని మనమందుము. కాని పరుగులో వచ్చి కూర్చుంటే పోవుటయే ఆ నొప్పియొక్క గురుతు.

ఇంత చెప్పి మిమ్మును భయపెట్టుట మా ఉద్దేశము కాదు. పిల్లలలో ఛాతీ నొప్పి సర్వసాధారణము. నొప్పియని వైద్యునియొద్దకు వచ్చు పిల్లలందరిని చూచినయెడల గుండె కారణముగా వచ్చునది నూటికి అయిదుకు మించదని తేలినది. ఎక్కువ భాగము ప్రక్కటెముకల కీళ్ళ నొప్పి, కండరము పట్టుట, ఉబ్బసము, కడుపులో పులుపు, మనస్సులో దిగులు. ఆపరేషన్ జరిగిన బిడ్డకు కోత చోట, ఎముకను కలిపిన తీగె చోట లాగినట్లుండవచ్చును. వ్రేలితో ఒక్క చోట చూపగలిగి, నొక్కినప్పుడు ఎక్కువగు నొప్పి చాలవరకు ఎముకదో కండదో అగును. అయితే ఆ నూటికి అయిదు అను లెక్క పిల్లలందరిది. గుండెకు ఆపరేషన్ జరిగిన బిడ్డ విషయములో ఆ లెక్కతో మనము ఇంటియొద్ద తీర్పు చెప్పరాదు. తీర్పు వైద్యునిది.

ఏ నొప్పికి ఆలస్యము చేయరాదు? పరుగులోనో, మెట్లెక్కునప్పుడో, ఈతలోనో పట్టి, ఆగినప్పుడు విడుచునది. ఛాతీ నడుమ బరువు పెట్టినట్లుండి మెడకు, దవడకు, చేతికి ప్రాకునది. నొప్పితోకూడ కన్నులు చీకట్లు క్రమ్ముట, గుండె దడదడలాడుట, ఒళ్ళు పాలిపోయి చెమట పట్టుట, పెదవులు నీలిరంగగుట. అన్నిటికంటె ముఖ్యము, ఆటమధ్యలో స్పృహ తప్పుట. ఆట అయిపోయిన తరువాత ఎండలో నిలువబడి తూలిపడుట వేరు, పరుగెత్తుచుండగా కూలిపడుట వేరు. రెండవది జరిగిన బిడ్డను ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరియొక సంగతి. ఆపరేషనైన కొన్ని దినములలోనో వారములలోనో జ్వరముతో ఛాతీ నొప్పి వచ్చి, పడుకొంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే తగ్గినయెడల, గుండె చుట్టునున్న పొర వాచి నీరు చేరియుండవచ్చును. దానికిని ఆలస్యము తగదు.

అందరి ఆపరేషన్ ఒక్కటి కాదు. “మా వాడికి గుండె ఆపరేషన్ అయింది” అనుట చాలదు, ఏ ఆపరేషన్ అనునది తెలియవలెను. గోడలోని రంధ్రము మూసి, ఏ లోపమును మిగులని బిడ్డలు చాలమంది తక్కిన పిల్లలతో సమానముగా ఆడవచ్చునని వైద్యులు చెప్పుదురు. ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు 1888లో వివరించిన నాలుగు లోపముల జబ్బు, అనగా నీలిరంగు పిల్లల జబ్బు, సరిచేసిన తరువాత ఊపిరితిత్తులకు పోవు దారిలోని కవాటము ఏండ్ల తరబడి కారుచుండి, కుడివైపు గది సాగిపోవచ్చును; గుండె లయ తప్పవచ్చును. తారుమారైన పెద్ద నాళములను మార్చి కుట్టు ఆపరేషన్ 1975లో బ్రెజిల్ దేశములో జటేనె అను వైద్యుడు మొదట సాధించెను. అందులో సన్నని కరొనరీ నాళములను సైతము ఒక చోటినుండి తీసి మరియొక చోట అతికించెదరు. గనుక ఆ పిల్లలకు పరుగులో నొప్పి వచ్చినయెడల ఎంత మాత్రమును తేలికగా తీసికొనరాదు. బృహద్ధమని ఇరుకును విప్పిన బిడ్డకు ఆ చోటు తిరిగి బిగియవచ్చును, రక్తపు పోటు పెరుగవచ్చును. ఎదిగెడు బిడ్డ శరీరములో వేసిన అతుకు బిడ్డతోపాటు ఎదుగదు. ఇది వైద్యుని లోపము కాదు, బాల్యముయొక్క స్వభావము.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. ఇన్ని గురుతులు మనము నేర్చుకొన్నను, బిడ్డ నోరు తెరచి చెప్పనియెడల ఏమి ప్రయోజనము? బిడ్డలు చెప్పుట లేదు. దివిసీమ వైపు ఒక గ్రామములో మేమెరిగిన ఒక బాలుడున్నాడు. పసితనములో నీలిరంగు జబ్బుకు ఆపరేషన్ జరిగినది. తొమ్మిదవ తరగతిలో కబడ్డీ జట్టులో చేరినాడు. కూతకు పోయి వచ్చిన ప్రతిమారు గీత అవతల కూర్చుండి రొమ్ము పట్టుకొనెడివాడు. అడిగితే “కాలు బెణికిందండి” అనెడివాడు. కొన్ని నెలల తరువాత వాని మేనత్త కనిపెట్టి నిలదీయగా, “చెబితే నన్ను టీములోంచి తీసేస్తారత్తా” అని ఏడ్చినాడు. పరీక్షలలో కవాటము కారుచున్నదని తేలినది. దానికి చికిత్స జరిగినది. ఇప్పుడు వైద్యుని అనుమతితో షటిల్ ఆడుచున్నాడు. వాడు భయపడినది నొప్పికి కాదు. మనకు. మనము ఆట మాన్పింతుమని.

ఆడపిల్లల సంగతి ఇంకను బరువైనది. ఒక తల్లి మాతో అన్నమాట ఇది: “ఆపరేషన్ సంగతి బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావండి అయ్యగారూ.” ఆమె దుర్మార్గురాలు కాదు. లోకము తీరు తెలిసిన తల్లి. ఆ భయముతో ఆసుపత్రి కాగితములను పెట్టె అడుగున దాచిరి, ఏటేటి పరీక్ష మానిరి, క్రొత్త బడిలో చెప్పలేదు. బిడ్డకు మెడ దాక గుండీలు పెట్టి, “ఎవరితో అనకు” అని నేర్పిరి. ఆ నేర్పు ఎంత బాగుగా అంటుకొనెనంటే, నొప్పి వచ్చినను ఆ పిల్ల తల్లితో కూడ అనలేదు. సోదరీమణులారా, గర్భము ధరించినప్పుడు ఒంటిలో రక్తము పరిమాణము సుమారు సగము వరకు పెరుగును. అదియు గుండెకు ఒక వరదయే. పెండ్లికి దాచిన సంగతి పురిటి గదిలో తెలియుట కంటె ముందుగా చెప్పుట మేలు కాదా? చాలమంది ఆడపిల్లలు గుండె బాగుచేయబడిన పిమ్మట వైద్యుల చూపు క్రింద క్షేమముగా బిడ్డలను కనుచున్నారు. గీతను చూచి వెనుకకు పోవు వరునికంటె, తెలిసి చేసికొను వరుడు మేలు. సంబంధములు చూచునప్పుడు మనమందరము ఆడపెండ్లివారమో మగపెండ్లివారమో అగుదుము గదా. ఆ భయమును పుట్టించినది మనమే గనుక తీయవలసినది కూడ మనమే.

మూడవది మా వంటి వారికే చెప్పుకొనవలసిన మాట. బిడ్డ బ్రదికినప్పుడు సంఘములో నిలువబడి కృతజ్ఞత చెప్పుట మంచిది. కాని “పూర్తిగా బాగయింది” అని పదిమందిలో చెప్పిన తరువాత, మరల ఆసుపత్రికి పోవుట అవిశ్వాసమని కొందరు సిగ్గుపడుచున్నారు. ఏటేట పరీక్షకు పోవుట కృతజ్ఞతలో ఒక భాగమే. ఇచ్చిన దానిని కాపాడుకొనుట కూడ స్తుతియే.

ఇక బిడ్డను ఆటకు పంపకుండ కూర్చుండబెట్టిన సరిపోవును గదా అని కొందరందురు. పూర్వము వైద్యులును చాలవరకు అట్లే చెప్పెడివారు. ఇప్పుడు చెప్పుట లేదు. కదలని బిడ్డకు కండ తరుగును, బరువు పెరుగును, నాలుగు మెట్లకే ఆయాసము వచ్చును. ఆ ఆయాసమును చూచి మనము మరింత కూర్చుండబెట్టుదుము. అన్నిటికి మించి, తాను పగిలిన కుండనని బిడ్డ నమ్మును. ఆపరేషనైన ఆరు నుండి ఎనిమిది వారములు రొమ్ము ఎముక అతుకువరకు జాగ్రత్త తప్పదు. చంకలలో చేతులు పెట్టి ఎత్తరాదు, బరువులు మోయించరాదు. ఆ తరువాత ఎంత ఆట, ఏ ఆట అనునది బిడ్డనుబట్టి, ఆపరేషన్‌నుబట్టి వైద్యుడు చెప్పవలెను. ఆ మాటను కాగితము మీద వ్రాయించుకొని బడిలో ఇయ్యుడి. “జాగ్రత్తగా చూడండి” అని నోటిమాట చెప్పుటవలన డ్రిల్లు మాస్టారు భయపడి ఆ బిడ్డను చెట్టుక్రింద కూర్చుండబెట్టును. “ఇంతవరకు ఆడవచ్చును, నొప్పియన్నప్పుడు ఆపవలెను” అను కాగితమున్న ధైర్యముగా ఆడించును.

ఆటస్థలములో బిడ్డ నొప్పి అన్నయెడల ఏమి చేయవలెను? వెంటనే ఆపి కూర్చుండబెట్టుడి. “ఇంకొక్క రౌండు” అనవద్దు. గ్యాసని సోడా పోయవద్దు. ఎప్పుడు మొదలైనది, ఎంతసేపున్నది, ఎక్కడున్నది, అప్పుడు ఏమి చేయుచుండెను అని అడిగి వ్రాసికొనుడి. వైద్యునికి ఈ నాలుగు జవాబులు బహు విలువైనవి. తగ్గినను ఆ దినమునకు ఆట చాలించి ఇంటికి కబురు పంపుడి. వైద్యుని మాట తెలిసికొను వరకు పరుగు వద్దు. నొప్పి తగ్గకపోయినను, పైన చెప్పిన గురుతులలో ఏదున్నను 108కు ఫోను చేయుడి. బిడ్డ కూలిపోయి, పలుకక, ఊపిరి సరిగా తీయనియెడల, బండి వచ్చువరకు చూచుచు నిలువవద్దు. రొమ్ము నడుమ అరచేతి మడమతో గట్టిగా, వేగముగా, నిమిషమునకు 100 నుండి 120 మారులు, రొమ్ము లోతులో మూడవవంతు దిగునట్లు నొక్కవలెను. పాత ఆపరేషన్ కుట్లు ఊడునేమో అని వెనుదీయరాదు. ఆగిన గుండెకు అంతకంటె పెద్ద అపాయము మరియొకటి లేదు.

ఆసుపత్రికి పోవునప్పుడు పాత కాగితములన్నియు తీసికొనిపోవుడి. ముఖ్యముగా డిశ్చార్జి కాగితము, ఎకో రిపోర్టులు. మరియొక మాట జ్ఞాపకముంచుకొనుడి: బల్లమీద పడుకొనియున్నప్పుడు తీసిన ఇ.సి.జి., ఎకో బాగున్నంత మాత్రమున పరుగులో వచ్చు నొప్పి సంగతి తేలిపోదు. వేసవిలో గట్టు బాగుగానే కనబడునని ముందే చెప్పితిమి గదా. అవసరమని తోచినయెడల వైద్యులు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి చూతురు, ఒక దినమంతయు గుండె లయను వ్రాయు చిన్న యంత్రమును కట్టుదురు, సి.టి. లేక ఎం.ఆర్.ఐ. తీయుదురు. “నొప్పి పరుగులోనే వచ్చుచున్నది” అని మీరు స్పష్టముగా చెప్పిననే ఆ పరీక్షల అవసరము వారికి తెలియును.

చివరగా ఈ శతవత్సరమున ప్రతి సంఘమును మేము కోరునది మూడే. ఆపరేషన్ జరిగిన పిల్లల తల్లిదండ్రులు ఇష్టపడినంతవరకు, బిడ్డయొక్క పరీక్ష తేదీని జ్ఞాపకము చేయు ఒక బాధ్యతగల వ్యక్తి ప్రతి సంఘములో ఉండవలెను. బస్సు ఛార్జీ లేక ఏ బిడ్డయు పరీక్ష మానరాదు. ఆదివారపు బడి ఉపాధ్యాయులు, యౌవనస్థులు ఏటికొకమారు వైద్యుని పిలిచి గుండె నొక్కు విధానమును చేతులతో నేర్చుకొనవలెను. మూడవది డబ్బులేని పని, అయితే కష్టమైన పని. నొప్పి అని చెప్పిన బిడ్డను కోపపడకుడి, నవ్వకుడి, వెంటనే ఆటనుండి వెలివేయకుడి. “చెప్పి మంచిపని చేశావు నాన్నా, చెప్పి మంచిపని చేశావమ్మా” అనుడి.

వేలకొలది రూపాయలు, ఎందరో వైద్యుల రాత్రులు, తల్లుల కన్నీళ్ళు కలిసి ఆ చిన్న గుండెను నిలిపినవి. ఇక దానికి కావలసినది, అది చెప్పినప్పుడు వినెడి ఒక చెవి. మన ఇంటిలో, మన బడిలో, మన సంఘములో ఆ చెవి మనమగుదుము గాక.